పాత కలపలో పుచ్చు: పాలిష్ చేసిన తరువాత కూడా పొడి రాలుతోంది

హనుమకొండ చుట్టుపక్కల కూల్చివేసే పెంకుటిళ్ల నుంచి టేకు, నల్లమద్ది దూలాలను కొని, మేకులు తీసి, కోయించి దర్వాజలుగా, బల్లలుగా అమ్ముతున్నాము. గిరాకీ బాగానే ఉంది; చిక్కంతా పురుగుతోనే వచ్చింది.

వానాకాలం మొదలైనప్పటి నుంచి, అప్పటికే అప్పగించిన బల్లలకు 1 నుంచి 2 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు పడి, వాటి నుంచి మైదా వంటి మెత్తని పొడి రాలుతోంది. చేవ భాగం చెక్కుచెదరలేదు, అంచుల్లోని తెల్లచెక్కలోనే (బెరడు కింది లేత కలపలోనే) ఈ పుచ్చు కనిపిస్తోంది. తేమ మీటరు 14 శాతం చూపిస్తోంది. చెద కాదు, మట్టి గొట్టాలు ఎక్కడా లేవు.

పురుగును చంపే మందుగా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని పాలిష్‌కు ముందే రెండు పూతలు వేశాము. అయితే ఎండిన పాత చెక్క దానిని పెద్దగా పీల్చుకోలేదు. ఒక దూలాన్ని అడ్డంగా కోసి చూస్తే 3 మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగలేదు. పురుగు చావడానికి కలప నడిభాగం 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉండాలన్నది ప్యాకింగ్ చెక్కకు పాటించే అంతర్జాతీయ ప్రమాణం కనుక, మే నెల ఎండలో నల్ల టార్పాలిన్ కప్పి ప్రయత్నించినా లోపలి వేడి 48 డిగ్రీలు దాటలేదు. తెల్లచెక్కనంతా చెక్కేస్తే సమస్య తీరుతుంది కానీ, 5 అంగుళాల దూలంలో లాభం మొత్తం రంపపు పొట్టుగా పోతుంది.

కలపను వేడిచేసే బట్టీ కొనే స్థోమత లేని చిన్న షెడ్డులో, 4 నుంచి 5 అంగుళాల మందమున్న ఎండిన దూలాల లోపలి పురుగును కోతకు ముందే పూర్తిగా చంపడానికి మీరు స్వయంగా వాడి ఫలితం చూసిన పద్ధతి ఏది?