సమస్య: మూకచిత్రమందు మ్రోగె పాట

నిర్వాహకుడు

ఈసారి సమస్య సినిమావాళ్ళ కోసం. అంటే తీసేవాళ్ళ కోసం కాదు. చూసి, విని, ఇంటికి వెళ్ళాక కూడా వదిలిపెట్టలేని మనలాంటివాళ్ళ కోసం.

మూకచిత్రమందు మ్రోగె పాట

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలు (మూడేసి మాత్రల గణాలు), మూ–మ్రో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు). మాటే లేని చిత్రంలో పాట మోగడమేమిటి? దీనికి ముందు మూడు పాదాలు రాసి, మీ కలం పేరుతో పంపి, ఆ అసంబద్ధతను మీరు తొలగించాలి. పూరణ అంటే అదే. ఒక్క షరతు: పద్యం కింద అరపేజీ వివరణ రాసి గట్టెక్కాలని చూడకండి. వివరణ అడగని పూరణకే నా ఓటు.

గ్రామఫోను

తెరకు ముందు పెద్ద తీగవాద్యము నుంచి
చీకటింట వేళ్ళు చిందులాడ
నాయకుండు పరుగు నందుకొనినయంత
మూకచిత్రమందు మ్రోగె పాట

మూకచిత్రాలను మూగగా ఎవరూ చూడలేదండీ. తెర పక్కన పియానోనో ఆర్గనో ఉండేది, పెద్ద హాళ్ళలో ఏకంగా వాద్యబృందమే ఉండేది. ఫ్రెంచి స్వరకర్త సాన్-సాన్స్ 1908లోనే ఒక చిన్న చిత్రానికి ప్రత్యేకంగా సంగీతం రాశాడు. తీగవాద్యం అన్నది పియానో గురించే. లోపల ఉన్నవి తీగలే కదా!

వ్యాకరణప్రియ

గణాలూ యతులూ చక్కగా కుదిరాయి. అభ్యంతరాలు రెండు. మొదటిది, “వాద్యము నుంచి” అని చదవగానే వాద్యంలోంచి ఏదో బయటికి వస్తోందనిపిస్తుంది. వాద్యమున్ + ఉంచి అని విడదీసుకోవడానికి ఒక క్షణం ఆగాలి. రెండోది ఇంకా పెద్దది. వేళ్ళు చిందులాడితే బాణీ వస్తుంది, పాట ఎక్కడిది? సమస్య అడిగింది పాటను.

గ్రామఫోను

బాణీ వినగానే పాట గుర్తొస్తుంది కదా, అది చాలదా? చాలదంటే రెండో పాదం మారుస్తాను:

గాయకుండు గొంతు గలిపి పాడ

గాయకుండు, నాయకుండు ఎదురెదురుగా నిలబడ్డారు. నాకైతే ఇదే బాగుంది.

నిర్వాహకుడు

నాకు మొదటిదే బాగుంది. చీకట్లో వేళ్ళు కనిపించే పాదాన్ని తీసేసి గాయకుణ్ణి నిలబెడితే నియమం నెగ్గింది, బొమ్మ ఓడింది. వ్యాకరణప్రియ గారు అన్నది న్యాయమే, అయినా పద్యంలో బొమ్మను వదులుకోవడం నాకు కష్టం.

మూడో పాదంలోని పరుగు గురించి ఒక మాట. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. ప్రదర్శించేటప్పుడు కూడా వేగం హాలును బట్టి మారేది. ఒకచోట నాయకుడు నడిస్తే మరోచోట పరుగెత్తేవాడు. వాయించేవాడు తెర మీద కన్ను వేసి వేళ్ళను దానికి తగ్గట్టు సర్దుకోవాల్సిందే. మాటలు వచ్చాకే సెకనుకు 24 ఫ్రేములన్న లెక్క స్థిరపడింది. వేగం మారితే బొమ్మ కొంత సర్దుకుంటుంది గానీ గొంతు సర్దుకోదు. స్థాయి మారి కీచుమంటుంది, లేదా సాగిపోతుంది. ఇది తెలిసో తెలియకో “పరుగు నందుకొనినయంత” అన్నారు గ్రామఫోను గారు. వాయించేవాడి కష్టమంతా ఆ “యంత”లో ఉంది.

వెనుకవరుస

కన్నులార్పకుండ కథ జూచుచుండగా
ప్రక్కవాని జేబు పరవశించె
సిగ్గులేని ఫోను చేసిన చోద్యాన
మూకచిత్రమందు మ్రోగె పాట

వివరణ లేదు. ఉండదు.

వ్యాకరణప్రియ

సి–చే యతి చెల్లుతుంది. ఫోను మోగింది హాల్లో, చిత్రంలో కాదు. “అందు” మాటేమిటి?

వెనుకవరుస

చిత్రం నడుస్తున్నప్పుడు అని. పాఠం నడుమ నిద్ర వస్తే పుస్తకంలో వచ్చిందంటామా?

నిర్వాహకుడు

జేబు పరవశించడం చూశాక ఇక వాదం ఎందుకు? ముందుకు వెళ్దాం.

కొత్తగొంతు

పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

గోడమీద పోస్టరు చూసి నిలిచాను
పాతరోజులన్ని జ్ఞాపకాలు
కళ్ళలోన నీళ్ళు కదిలి వచ్చేను
మూకచిత్రమందు మ్రోగె పాట

నిర్వాహకుడు

తప్పులున్నాయి, ఊహ మాత్రం కొత్తది. మూకచిత్రం అనగానే అందరూ పాత సినిమా వైపు పరుగెత్తితే మీరు పోస్టరు దగ్గర ఆగారు. మాటా లేదు, కదలికా లేదు, అంతకు మించిన మూగచిత్రం ఏముంటుంది? అయినా ఒక్క చూపుతో మొత్తం పాట లోపల మొదలవుతుంది. అభిమాని అయినవాడికి ఈ సంగతి చెప్పక్కరలేదు.

ఇక తప్పులు. మొదటి పాదంలో మూడో గణం సూర్యగణం కావాలి. “పోస్టరు” భగణం, అంటే నాలుగైదు మాత్రలుండే ఇంద్రగణాల్లో ఒకటి. రెండో పాదంలో పా–జ్ఞా యతి కుదరదు. మూడో పాదం చివర “చ్చేను” దగ్గర గణం సగంలో ఆగిపోయింది. మీ మాటలను వీలైనంత ఉంచి ఇలా సరిచేశాను:

గోడమీది బొమ్మ కొంత చిరిగియుండ
పాతరోజులన్ని పలుకరించె
కళ్ళలోన నీళ్ళు కదిలివచ్చెడివేళ
మూకచిత్రమందు మ్రోగె పాట

కొత్తగొంతు

ధన్యవాదాలండీ. “కొంత చిరిగియుండ” నేను అనుకోనిది. కానీ కళ్ళనీళ్ళు నాకే ఎక్కువనిపిస్తున్నాయి. పాట వినబడితే ఏడవాలనేముంది?

నిర్వాహకుడు

సరిగ్గా పట్టుకున్నారు. ఆ పాదం మీరే తిరగరాయండి. క–క యతి మాత్రం వదలకండి.

రీలుబండి

అర్థమేమి లేని యక్షరమ్ములు గూర్చి
చిట్టిమీసగాడు చెలగి పాడె
మాటలాడు బొమ్మ మందల నడుమనే
మూకచిత్రమందు మ్రోగె పాట

ఎవరో చెప్పాలా? చాప్లిన్. 1936లో వచ్చిన ‘మోడరన్ టైమ్స్’. లోకమంతా మాటల చిత్రాలు తీస్తుంటే ఆయన ఒక్కడూ మొండికేశాడు. చివరికి తెరపై గొంతు వినిపించినప్పుడు కూడా మాట్లాడలేదు, పాడాడు. ఆ పాటలో ఒక్క ముక్కకూ అర్థం లేదు.

గ్రామఫోను

కథ ప్రకారం పాట మాటలు చొక్కా కఫ్ఫుల మీద రాసుకుని వేదిక ఎక్కుతాడు. చేయి విసరగానే అవి ఎగిరిపోతాయి. దాంతో ఫ్రెంచి, ఇటాలియన్ లాగా వినిపించే ఏవో శబ్దాలు కలిపి పాడేస్తాడు. ఆ కఫ్ఫులు పద్యంలోకి వచ్చి ఉంటే బాగుండేది. “అక్షరమ్ములు గూర్చి” అంటే కూర్చుని రాసినట్టుంది, ఆయన పాడినది అప్పటికప్పుడు పుట్టినట్టుంటుంది.

వ్యాకరణప్రియ

నా సందేహం వేరు. ఆ చిత్రంలో సంగీతం ఉంది, చప్పుళ్ళు ఉన్నాయి, యంత్రాల్లోంచి యజమాని గొంతూ వినిపిస్తుంది. దాన్ని మూకచిత్రం అనవచ్చా? అంటే మరి 1987 నాటి ‘పుష్పక విమానం’ సంగతేమిటి? అందులోనూ సంభాషణలు లేవు, చప్పుళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి. సంభాషణ లేకపోవడం వేరు, శబ్దపు పట్టీయే (సౌండ్‌ట్రాక్) లేకపోవడం వేరు.

రీలుబండి

మీరు గీసే గీత ప్రకారం సమస్యకు పూరణే ఉండదు. శబ్దపు పట్టీ లేని చిత్రంలో పాట ఎలాగూ మోగదు, మోగితే అది మూకచిత్రం కాదు.

నిర్వాహకుడు

అందుకే దీన్ని సమస్య అన్నారు! రీలుబండి గారి పూరణలో నాకు నచ్చింది “బొమ్మ మందల”. మాటల చిత్రాలను మంద అనడంలో ఆ మొండితనమంతా వచ్చేసింది. లోపం ఒకటే, చాప్లిన్ కథ తెలియనివారికి పద్యం సగమే అందుతుంది. కింద రాసిన నాలుగు వాక్యాలూ తీసేస్తే ఆ చిట్టిమీసం ఎవరిదో తెలియాలి కదా.

జతకాడు

వందమంది వెనుక వరుసగా నడుగిడ
జంట నడుమ నిలిచి జతులు వేయ
గొంతులన్ని కలిసి కోరస్సు లేవగా
మూకచిత్రమందు మ్రోగె పాట

మూక అంటే జనసమూహం. అంతే.

వెనుకవరుస

మూక దేశ్యం, చిత్రం సంస్కృతం. వైరిసమాసం, అంటే చెల్లని కలయిక, అని ఎవరూ అనకముందే నేనే అనేస్తున్నాను.

వ్యాకరణప్రియ

తెలుగు పదం ముందుండి సంస్కృతపదం వెనుక వస్తే మిశ్రసమాసంగా చెల్లుతుందండీ. నేను ఎప్పుడూ తప్పులే పట్టను. ఇంకో మాట, ఆ వందమంది గొంతులు వందమందివి కావు. నలుగురైదుగురు పాడిన దాన్నే ట్రాకు మీద ట్రాకు వేసి సమూహం చేస్తారు. కాబట్టి తెర మీద మూక, స్టూడియోలో మూక కాదు.

తాళంతప్పినవాడు

చెవుల తీగ మరచి చేతిలో ఫోనుంచి
పాతపాట బొమ్మ పరుగులెత్త
మనసు పల్లవెత్తె మఱపు చరణమెత్తె
మూకచిత్రమందు మ్రోగె పాట

చెవుల తీగ అంటే ఇయర్‌ఫోను. ఇంటి దగ్గర వదిలేసి ప్రయాణంలో ఉన్నప్పుడు, నలుగురి మధ్యా శబ్దం పెట్టలేక, పాట దృశ్యాన్ని మూగగా చూస్తే వచ్చే అనుభవం.

వెనుకవరుస

ఇది రోజూ జరిగేదే. పెదవులు కదులుతుంటాయి, మనమే లోపల పాడుకుంటాం. రెండు చరణాల మధ్య వచ్చే వేణువు కూడా వినబడుతుంది.

గ్రామఫోను

నేను ఒప్పుకోను. నాకు పాట అంటే వినేది. బొమ్మ లేకుండా రేడియోలోనూ రికార్డు మీదా విన్న పాటలే నాకు పూర్తిగా గుర్తున్నాయి. దృశ్యంతో కలిసి పరిచయమైన పాటలో చరణాలు నిలవవు, నాయిక చీర రంగు నిలుస్తుంది.

తాళంతప్పినవాడు

అదేనండీ, “మఱపు చరణమెత్తె” అన్నది మీరు చెప్పిన దాని గురించే. పల్లవి దాకా మాటలు వస్తాయి. చరణంలోకి వెళ్ళగానే రెండు పదాలు నిజమైనవి, మిగిలినదంతా “లలలా”. కానీ ఆ లలలా బాణీలోనే ఉంటుంది, తాళం తప్పదు. నా పేరు అలా ఉన్నా సరే.

వ్యాకరణప్రియ

మంచి పద్యం. అందుకే తప్పు చెప్పాలనిపిస్తోంది. పల్లవి + ఎత్తె అన్నచోట సంధి చేశారు. అక్కడ యడాగమం, అంటే మధ్యలో య, వచ్చి “పల్లవి యెత్తె” కావాలి, అప్పుడు గణం చెడుతుంది.

నిర్వాహకుడు

“మనసు పాడె మొదట మఱపు చరణమెత్తె” అంటే తప్పు పోతుంది. పల్లవి కూడా పోతుంది. నాకు మనసొప్పడం లేదు.

కొత్తగొంతు

ఇలా అనవచ్చా?

మనసు పల్లవియయె మఱపు చరణమయ్యె

వ్యాకరణప్రియ

పల్ల–వియయె. గలం, నగణం, రెండూ సూర్యగణాలే. అనవచ్చు. చాలా బాగుంది!

తాళంతప్పినవాడు

నా పద్యంలో ఇకపై అదే పాదం. పల్లవిని ఎత్తడం కన్నా పల్లవి కావడమే నేను చెప్పాలనుకున్నది.

నిర్వాహకుడు

ఒక చిన్న పిడకలవేట. ఇప్పుడు ఫోనుల్లో తిరిగే మూడు క్షణాల కదిలే బొమ్మలున్నాయే, జిఫ్ అనేవి (గిఫ్ అనేవారు నన్ను మన్నించాలి), అవి పూర్తిగా మూగవి. 1987లో పుట్టిన ఆ పద్ధతిలో శబ్దానికి చోటే లేదు. అయినా తెలిసిన సినిమాలోని ముక్క కనిపిస్తే నాయకుడి గొంతుతో సహా వినిపిస్తుంది, తెలియనిదైతే ఎవరో చేతులూపుతున్నట్టే ఉంటుంది. బొమ్మ అదే, మోగడం మోగకపోవడం చూసేవాడి దగ్గర ఉంది. ఈ దారిలో ఇంకెవరైనా పూరిస్తారేమోనని చూస్తున్నాను.

అరికాలు

వినగలేని చెవికి వెలుగులే పదములై
తెర దిగువను నడువ తీరుగాను
అదరు నేల తాక నరికాలు తాళమై
మూకచిత్రమందు మ్రోగె పాట

వెనుకవరుస

ఈ పేరు పద్యం కోసమే పెట్టుకున్నారా?

అరికాలు

పద్యం కంటే ముందే. నాకు ఒక చెవి అసలు వినబడదు, రెండోది పేరుకే ఉంది. నాకు సినిమాలన్నీ మూకచిత్రాలే. కింద అక్షరాలు పడితే మాటలు అందుతాయి. మద్దెల, బేస్ గిటారు వచ్చినప్పుడు నేల, కుర్చీ చేయి అదురుతాయి. పాట ఎక్కడ మలుపు తిరిగిందో కాలికి తెలుస్తుంది. మెలొడీ పాటలంటే మాత్రం నాకు కోపం, అవి నేల దాకా రావు.

గ్రామఫోను

పాట అంటే వినేది అన్నాను ఇందాక. ఇప్పుడు ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అరికాలు

అక్కడే ఉంచండి, ఫరవాలేదు. నా ఫిర్యాదు వేరేవాళ్ళ మీద. సంభాషణలన్నిటికీ అక్షరాలు వేసి, పాట రాగానే ఒక్క స్వరం గుర్తు వేసి ఊరుకుంటారు. కవి అంత కష్టపడి రాసిన నాలుగు చరణాలకు నాకు దక్కేది ఆ గుర్తు!

వ్యాకరణప్రియ

తాకన్ + అరికాలు కనుక అ–న యతి స్వరయతిగా చెల్లింది. “తీరుగాను” మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది. మిగతా మూడు పాదాల్లో ఒక్క మాట కూడా తీయలేను.

నిర్వాహకుడు

ఒప్పుకుంటున్నాను, “తీరుగాను” కొంచెం బరువే. అయినా ఈ వారం నా ఓటు దీనికే. మిగతా పూరణల్లో పాట ఎక్కడినుంచి వచ్చిందో వెతికాం: పియానో, జేబు, జ్ఞాపకం. ఇందులో సమస్యాపాదం సమస్యగానే లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాటగా మారిపోయింది. రెండో స్థానం తాళంతప్పినవాడు, కొత్తగొంతు గార్లు పంచుకోవాలి. వెనుకవరుస గారికి పరవశించిన జేబు ఒక్కటే బహుమతి.

వచ్చే సమస్య, మళ్ళీ ఆటవెలదే:

కనులు మూసి చూడ కథ తెలిసెను

నేపథ్య సంగీతం మీద అందరూ ఒకేసారి పడతారని తెలుసు. అది కాక వేరే దారి వెతికినవారికి ముందు వరుసలో చోటు.

వెనుకవరుస

నాకు వెనుకే బాగుంటుందండీ. అక్కడ కళ్ళు మూసుకున్నా ఎవరూ అడగరు.