స్నోషూయింగ్‌లో ఎడమ కాలి వేళ్లు మాత్రమే మొద్దుబారుతున్నాయి, ఏం మార్చాలి?

కొలరాడో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్‌కి స్నోషూలతో (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) వెళ్తుంటాం. ఒకవైపు 1.8 మైళ్లే, కానీ మొదలయ్యే చోటే ఎత్తు 9,400 అడుగుల పైన. నింఫ్ లేక్ వరకు ఏ ఇబ్బందీ ఉండదు. మైలు దాటాక, డ్రీమ్ లేక్ దగ్గర గాలి ముఖాన కొట్టే చోట, ఎడమ కాలి వేళ్లకు స్పర్శ పోతోంది. కుడి కాలు మాత్రం శుభ్రంగా ఉంటుంది, అదే వింత!

చలి 15-20 డిగ్రీల ఫారెన్‌హీట్. బూట్లు వాటర్‌ప్రూఫ్, లోపల తడి లేదు. రెండు జతల ఉన్ని సాక్సులు వేస్తే ఇంకా ఎక్కువైంది, ఒక్క జతతో కాస్త నయం. వేళ్ల కింద హీట్ ప్యాక్ పెడితే, బూటులో గాలాడకో ఏమో, అది సరిగ్గా వేడెక్కలేదు. స్నోషూ స్ట్రాప్ వదులు చేస్తే ఎక్కుడులో కాలు జారుతోంది. పార్కింగ్‌కి వచ్చి బూటు విప్పితే పది నిమిషాల్లో స్పర్శ వస్తుంది. వేళ్లు తెల్లబడటం, బొబ్బలు లేవు. షుగర్ కూడా లేదు.

కొత్త బూట్లంటే మాటలు కాదు, అందుకే అడుగుతున్నా: ఇలా ఒక్క కాలికే అయినవాళ్లు ముందు ఏది మార్చారు, బూటు సైజా, స్ట్రాప్ రకమా?