అరకు, వంజంగి, లంబసింగి: పెద్దవాళ్లు, పిల్లలతో మూడు రోజులు ఎలా ప్లాన్ చేయాలి?

సాహితి_హైద్:
నమస్తే అండి. డిసెంబర్ రెండో వారంలో అరకు వద్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలు (బాబుకి 11, పాపకి 6), మా అమ్మానాన్న. నాన్న బాగానే నడుస్తారు కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం అసలు పడదు. హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా ట్రైన్, అక్కడ్నుంచి మూడు రోజులు చేతిలో ఉంటాయి. ట్రావెల్స్ వాళ్లని అడిగితే పొద్దున్నే తీసుకెళ్లి రాత్రికి దింపేసే ప్యాకేజీ చాలు మేడం, అరకులో రెండు రోజులు ఏం చేస్తారు అంటున్నారు. కానీ మావాడు పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల వీడియోలు చూసి అక్కడికి వెళ్లాల్సిందే అని కూర్చున్నాడు, మా నాన్నకేమో లంబసింగి చలి చూడాలని. ఇవన్నీ ఒకే ట్రిప్‌లో అవుతాయా, అద్దాల రైలు నిజంగా బావుంటుందా, అమ్మ బొర్రా గుహల్లోకి దిగగలదా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎంవీపీ_కాలనీ:
ఒక్కరోజు ప్యాకేజీ మాత్రం తీసుకోకండి అండి. వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఎస్.కోట దాటాక మొత్తం ఘాట్ రోడ్డే, రానూపోనూ రోజంతా బండిలోనే గడిచిపోతుంది, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు ఇద్దరూ అలిసిపోతారు. కొండమీద కనీసం రెండు రాత్రులు ఉండండి, అక్కడ అసలు అందమంతా పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాతే, ప్యాకేజీ వాళ్లు ఆ రెండూ చూపించలేరు.

ట్రైన్ విషయానికొస్తే, పైకి వెళ్లేటప్పుడే ఎక్కండి. కిరండూల్ వెళ్లే బండి వైజాగ్‌లో పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది, విస్టాడోమ్ అంటే మీరన్న ఆ అద్దాల పెట్టె దీనికే ఉంటుంది, పైకప్పు కూడా అద్దమే. తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే డిసెంబర్‌లో తొందరగా చీకటి పడిపోయి కింద సగం దారి ఏమీ కనపడదు. బుకింగ్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది, డిసెంబర్ సీట్లు చాలా తొందరగా అయిపోతాయి, కాబట్టి ఆరోజే చేసేయండి. దొరక్కపోతే మామూలు స్లీపర్‌లో కిటికీ పక్కన కూర్చున్నా చాలు, లోయా సొరంగాలూ అవే కదా. ఈ లైను గురించి మీ బాబుకి ముందే చెప్పండి, బాగా ఎంజాయ్ చేస్తాడు: ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్ పంపడానికి 1960ల్లో కొండల్ని తొలిచి వేశారు, దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి, శిమిలిగూడ స్టేషన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇప్పటికీ ఎదురుగా ఖనిజం లోడుతో గూడ్స్ బళ్లు దిగుతూనే ఉంటాయి.

నేనైతే బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపొమ్మంటాను. కారు ముందే మాట్లాడుకుని అక్కడికి రమ్మనండి, సామాను అందులో పెట్టేసి గుహలు చూసి, తర్వాత అనంతగిరి కాఫీ తోటల మీదుగా గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి సాయంత్రానికి అరకు చేరొచ్చు. అమ్మగారి గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను, లోపల మెట్లు చాలా ఉన్నాయి, పైనుంచి నీళ్లు కారుతుంటాయి కాబట్టి తడిగా జారుతుంటాయి. అయితే గుహ నోరే చాలా పెద్దది, మొదటి హాల్లో కొంతదూరం వెళ్తేనే సున్నపురాయి కరిగి కారి పైనుంచి వేలాడే ఆకారాలు కనపడతాయి, ఆవిడని అక్కడిదాకా నెమ్మదిగా తీసుకెళ్లి కూర్చోబెట్టండి, లోపలి శివలింగం దాకా మాత్రం వద్దు. బయట కోతులున్నాయి, పాప చేతిలో తినేవి ఉంచకండి.

కొండదారి:
అక్కా వంజంగి గురించి నేను చెప్తా. అరకు నుంచి వంజంగి తెల్లవారుజామున వెళ్దాం అనుకుంటారు చాలామంది, అలా వద్దు. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆ పొగమంచులో రాత్రిపూట ఘాట్ డ్రైవింగ్ చాలా డేంజర్. రెండో రాత్రి పాడేరులోనే పడుకోండి, అక్కడ్నుంచి వంజంగి ఆరేడు కిలోమీటర్లే. నాలుగు, నాలుగున్నరకి బయల్దేరితే బండి కొంతవరకు పైకి వెళ్తుంది, మిగతాది నడకే, రాళ్లూ మట్టీ కలిసిన నిటారు దారి, మంచుకి జారుతుంది. టార్చ్ తప్పనిసరి, చెప్పులు వద్దు, బూట్లే. 11 ఏళ్ల బాబు హాయిగా ఎక్కేస్తాడు, మీ నాన్నగారు ఆగుతూ ఆగుతూ రావచ్చు, పాపని మాత్రం ఎత్తుకోవాల్సి వస్తుంది, అమ్మగారు రూములోనే ఉంటే మంచిది.

ఇంకోటి, మేఘాలు ప్రతిరోజూ రావు. రాత్రి ఆకాశం క్లియర్‌గా ఉండి గాలి లేకుండా బాగా చలి పడితే, ఆ చల్లగాలి లోయలోకి దిగి పొగమంచు కింద దట్టంగా పేరుకుంటుంది, మనం దానిపైన ఉంటాం కాబట్టి పాలసముద్రంలా కనపడుతుంది. మబ్బు పట్టిన రాత్రయితే పొద్దున్నకి పైనా కిందా అంతా తెల్లగా తప్ప ఇంకేం కనపడదు. బాబుకి ఈమాట ముందే చెప్పేయండి. శని, ఆదివారాలు మాత్రం వద్దే వద్దు, పైన నిలబడ్డానికి చోటుండదు.

పాడేరు_పిల్ల:
మాది పాడేరు దగ్గరే అండి. ఏటంటే, అరకు నుంచి పాడేరు వచ్చే దారిని అందరూ రోడ్డులా చూసి వదిలేస్తారు, నాకు మాత్రం అదే అన్నిటికంటే ఇష్టం. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి ఉంది, వాగు వెడల్పాటి రాతిపలక మీద పరుచుకుని జారుతుంది, అమ్మగారు గట్టున కూర్చుని చూడొచ్చు. కానీ పిల్లల్ని పాచి పట్టిన రాయి మీదకి వదలకండి, పైన నీళ్లు లోతు లేనట్టే ఉంటాయి, కిందకి జారితే గుంటలున్నాయి. ప్రాణాలు పోయాయి అక్కడ, మా ఊళ్లల్లో ఆ వార్త వింటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

డిసెంబర్ మొదట్లో వలిసె పూలు ఇంకా ఉండొచ్చు, పొలాలన్నీ పచ్చగా పసుపు పూసినట్టుంటాయి. అవి నూనెగింజల పంట అండి, ఫొటోల కోసం లోపలికి నడిస్తే మొక్కలు పడిపోతాయి, రైతు నష్టపోతాడు. గట్టు మీద నిలబడి తీసుకోండి, రైతు పది రూపాయలు అడిగితే ఇచ్చేయండి. కాఫీ తోటలో కూడా అంతే, మీరొచ్చే సమయానికి పండు కోతలు నడుస్తుంటాయి, ఎర్రటి పళ్లు చెట్టునిండా ఉంటాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు పాకి ఉంటాయి, అడిగితే కోసేవాళ్లే చూపిస్తారు, తెంపకండి చాలు. అరకు కాఫీకి 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంటికి కొనుక్కెళ్లాలంటే గిరిజన సహకార సంస్థ వాళ్ల షాపులో తీసుకోండి, తేనె కూడా అక్కడే దొరుకుతుంది.

బొంగులో చికెన్ తింటే ఎదురుగా కాల్చేచోటే తినండి, పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి ఆకుతో మూత పెట్టి నిప్పుల మీద తిప్పుతారు, నూనె ఉండదు, టైం పడుతుంది, కాబట్టి ముందే చెప్పి వేరేచోట తిరిగి రండి. ప్లాస్టిక్ సీసాలు మాత్రం మీతోపాటే కిందకి తీసుకెళ్లండి, వంజంగి మీద మేం ఏరిన చెత్త అంతా బయటివాళ్లు పడేసిందే. సాయంత్రం నుంచి పిల్లలకి ఫుల్ హ్యాండ్స్ వేయండి, దోమల క్రీము రాయండి, మా ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో మలేరియా ఉంది.

సాహితి_హైద్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, డే ప్యాకేజీ క్యాన్సిల్. మొదటి రాత్రి అరకు, రెండోది పాడేరు ఫిక్స్ చేసుకున్నాం, వీకెండ్ తగలకుండా మంగళవారం మొదలుపెడతాం. మరి లంబసింగి? పాపకి అరకులో ఏం చూపించాలి? వంజంగికి మేం వెళ్తే అమ్మ ఒక్కతే రూములో బోరుగా కూర్చోవాలా?

ఎంవీపీ_కాలనీ:
పాపకి పద్మాపురం గార్డెన్స్, లోపల బొమ్మ రైలుంది. రెండోరోజు పొద్దున్న అది, పక్కనే గిరిజన మ్యూజియం చూసుకుని చాపరాయి మీదుగా పాడేరు వెళ్లండి. మూడోరోజు వంజంగి దిగాక టిఫిన్ చేసి చింతపల్లి రోడ్డు పట్టుకుంటే లంబసింగి వస్తుంది, అక్కడ్నుంచి నర్సీపట్నం దిగిపోవచ్చు. మళ్లీ వైజాగ్ రానక్కర్లేదు, హైదరాబాద్ ట్రైన్ తునిలో ఎక్కేయండి, చాలా టైం కలిసొస్తుంది.

పాడేరు_పిల్ల:
లంబసింగి మధ్యాహ్నం చేరితే ఆ చలి ఉండదండి, ఎండొచ్చేస్తుంది, నాన్నగారికి ముందే చెప్పండి. ఆయన చూడాలనుకున్న చలి పాడేరులోనే దొరుకుతుంది, పక్కనున్న మినుములూరులో కొన్నిరోజులు లంబసింగి కంటే తక్కువ నమోదవుతుంది. మంకీ క్యాపు, స్వెట్టరు, సాక్సులు అందరికీ రెండేసి పెట్టుకోండి. అమ్మగారికి పాడేరులో మోదకొండమ్మ గుడి ఉంది, మా మన్యం మొత్తానికీ ఇలవేల్పు. మీరు కొండెక్కే టైముకి ఆవిడ్ని నిద్రపోనివ్వండి, దిగొచ్చాక అందరూ కలిసి గుడికెళ్లి అట్నుంచటే చింతపల్లి బయల్దేరండి. రూము బుక్ చేసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్, వేడినీళ్లు ఉన్నాయా అని తప్పకుండా అడగండి, చిన్న లాడ్జీల్లో గీజరు అందరికీ ఉండదు.