వేరే రాష్ట్రపు న్యాయవాదికి ఫెడరల్ కోర్టులో అనుమతి: అది న్యాయమూర్తి ఇష్టమేనా?

చర్చకు పెట్టిన ప్రశ్న

అమెరికాలో ఒక రాష్ట్రపు బార్‌లో నమోదైన న్యాయవాది మరో రాష్ట్రంలోని ఫెడరల్ జిల్లా కోర్టులో ఒక్క కేసు వరకు వాదించాలంటే సాధారణంగా ‘ప్రో హాక్ వైస్’ అనుమతి కోరాలి. మొత్తం 94 జిల్లా కోర్టులు ఉన్నాయి, దేని స్థానిక నియమాలు దానివే. ఈ అనుమతిని నిరాకరించే అధికారం న్యాయమూర్తికి ఎంతవరకు ఉండాలి?

మొదటి సమాధానం

పూర్తిగా ఉండాలి. బయటి నుంచి వచ్చిన న్యాయవాది పూర్వాపరాలు ఆ కోర్టుకు తెలియవు. కేసు ముగియగానే ఆయన తన ఊరికి వెళ్లిపోతారు. ఒహాయో కోర్టు బయటి న్యాయవాదులను కాదన్న లీస్ వర్సెస్ ఫ్లింట్ వివాదంలో, అలా హాజరు కావడం రాజ్యాంగ రక్షణ పొందిన హక్కు కాదని సుప్రీంకోర్టు 1979లోనే తేల్చింది.

రెండవ సమాధానం

మీరు ఉదహరించిన తీర్పు రాష్ట్ర కోర్టుకు సంబంధించినది, పైగా అది న్యాయవాదికి ఏ హక్కు ఉందన్న ప్రశ్నకు జవాబు. జైలుకు వెళ్లబోయే మనిషికి ఏ హక్కు ఉందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అదే సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన గొంజాలెజ్-లోపెజ్ తీర్పులో ఉంది.

మిస్సోరీలోని ఫెడరల్ కోర్టులో గంజాయి కేసు ఎదుర్కొంటున్న ఆ నిందితుడు కాలిఫోర్నియా న్యాయవాదిని పెట్టుకున్నాడు. ఆ న్యాయవాది దరఖాస్తును కోర్టు రెండుసార్లు, కారణం చెప్పకుండానే, తోసిపుచ్చింది. విచారణ రోజుల్లో ఆయన ప్రేక్షకుల మధ్య కూర్చోవలసి వచ్చింది. వాదిస్తున్న స్థానిక న్యాయవాదితో మాట్లాడకుండా ఇద్దరి మధ్య ఒక మార్షల్‌ను, అంటే ఫెడరల్ కోర్టు భద్రతాధికారిని, కూర్చోబెట్టారు. తాను కోరుకున్న న్యాయవాదిని నిందితుడు విచారణ చివరి రాత్రి ఒక్కసారి మాత్రమే కలుసుకోగలిగాడు. చదివిన నాటి నుంచీ ఆ మార్షల్ కుర్చీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

నిరాకరణ తప్పేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ న్యాయవాది వాదించి ఉంటే ఫలితం మారేదని నిందితుడు నిరూపించనక్కర్లేదని, కోరుకున్న న్యాయవాదిని అన్యాయంగా దూరం చేయడమే శిక్షను రద్దు చేయడానికి చాలునని 5–4 మెజారిటీతో జస్టిస్ స్కాలియా రాశారు.

మూడవ సమాధానం

మన దేశంలోనూ ఇదే ముడి ఉంది. అడ్వకేట్స్ చట్టంలోని 30వ సెక్షన్ 2011లో అమలులోకి వచ్చి దేశమంతటా వాదించే హక్కు ఇచ్చినా, బయటి బార్ కౌన్సిల్‌లో నమోదైనవారు స్థానిక న్యాయవాదితో కలిసి హాజరు కావాలన్న అలహాబాద్ హైకోర్టు నియమాన్ని సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. అమెరికాలోనూ ఆ షరతు చాలదా?

రెండవ సభ్యుని ప్రత్యుత్తరం

చాలామటుకు చాలుతుంది, చాలా జిల్లాల్లో ఉన్నది కూడా అదే. నోటీసు అందుకోవడానికీ, జవాబు చెప్పడానికీ స్థానికంగా ఒకరు ఉంటారు కనుక మొదటి సభ్యుల భయం అక్కడికి తీరుతుంది. అయితే కక్షిదారు ఇద్దరికి ఫీజు కట్టుకోవాలి, ఆ భారం చిన్నది కాదు. విచారణ తేదీలు తారుమారయ్యేలా ఆఖరి గడియలో వచ్చే దరఖాస్తును కాదనే వెసులుబాటును ఆ 2006 తీర్పు కూడా న్యాయమూర్తికి వదిలింది. నేను అడుగుతున్నది ఒక్కటే: క్రిమినల్ కేసులో కాదనేటప్పుడు ఆ న్యాయవాది నడవడిలో ఉన్న లోపమేమిటో, లేదా విచారణకు కలిగే ఆటంకమేమిటో, ఆ రోజే ఉత్తర్వులో రాయాలి. మిస్సోరీలో ఆ కారణం తర్వాత ఎప్పుడో బయటికి వచ్చింది, అదీ వృత్తి నియమాన్ని తప్పుగా చదివినదని అప్పీలు కోర్టు తేల్చింది.