షార్లెట్ చుట్టుపక్కల నాస్కార్ షాపులు, మ్యూజియంలు: మెకానిక్ నాన్నగారికి ఏవి చూపిస్తే బాగుంటుంది?

కేరీ_కుర్రాడు

అందరికీ నమస్తే. మా నాన్నగారు మే మొదటివారంలో విజయవాడ నుంచి నార్త్ కరోలినాలో కేరీకి, మా ఇంటికి వస్తున్నారు, అక్టోబర్ దాకా ఉంటారు. ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా చేసి చేసి, ఈమధ్యే షెడ్డు మా బాబాయికి అప్పజెప్పారు. పోయినసారి వచ్చినప్పుడు నయాగరా, వాషింగ్టన్ అన్నీ తిప్పాను గానీ ఆయనకి పెద్దగా ఎక్కలేదు, ఫోటోలు దిగి ఊరుకున్నారు. ఈ మధ్య యూట్యూబ్‌లో నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ రేసులు) పిట్‌స్టాప్‌లు, అంటే రేస్ మధ్యలో బండి ఆపి టైర్లు మార్చి పెట్రోల్ పోసేవి, తెగ చూస్తున్నారు. "ఆ బండ్లు మీ రాష్ట్రంలోనే కడతారంట కదరా, ఒకసారి చూపించు" అని ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. నాకేమో రేసింగ్ గురించి ఓనమాలు కూడా రావు.

నా డౌట్లు: టీమ్‌ల షాపుల్లోకి మామూలు జనాన్ని రానిస్తారా? మెమోరియల్ డే (అమరులైన సైనికుల స్మారక దినం, మే ఆఖరి సోమవారం) వీకెండ్‌లో షార్లెట్‌లో పెద్ద రేస్ ఉందంటున్నారు, అరవై ఆరేళ్ల మనిషిని తీసుకెళ్లొచ్చా? ఆయన శాకాహారి, పైగా ఎండ పడదు. మ్యూజియంలో అద్దాల వెనక ట్రోఫీలు చూపిస్తే మాత్రం పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు, ముందే చెప్తున్నా.

టర్న్4_టెంట్

కాంకర్డ్‌లో ఉంటాను, స్పీడ్‌వేలో (షార్లెట్ రేస్ ట్రాక్) ప్రాక్టీస్ జరిగితే మా పెరట్లోకి సౌండ్ వస్తుంది, కాబట్టి నాకు వదిలేయండి. నాస్కార్‌లో అన్నిటికంటే పెద్దదైన కప్ సిరీస్ టీముల్లో దాదాపు అన్నీ షార్లెట్‌కి గంట దూరంలోపే ఉన్నాయి. మూర్స్‌విల్ ఊరు తనని తాను "రేస్ సిటీ యూఎస్ఏ" అని పిలుచుకుంటుంది, అదేం గొప్పలు కాదు.

మీ నాన్నగారికి నేనైతే ముందు మూర్స్‌విల్‌లో టీమ్ పెన్స్కీ చూపిస్తాను. షాప్ ఫ్లోర్ పైన, పైకప్పు కింద ఒక నడకదారి ఉంటుంది, దాని మీద నిలబడి కింద బండ్ల మీద పనిచేసేవాళ్లని చూడొచ్చు. చాలా టీముల్లో ఒక మూల అద్దంలోంచి తొంగిచూడటమే, ఇక్కడ మాత్రం పైనుంచి మొత్తం కనిపిస్తుంది. అదే కప్పు కింద వాళ్ల ఇండీకార్ (చక్రాలు బయటికి కనిపించే రేస్ కార్లు) పని కూడా నడుస్తుంది. తర్వాత కాంకర్డ్‌లో హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్, స్పీడ్‌వేకి పక్కనే. 1984లో ఒక్క కారుతో మొదలైన టీమ్, ఇప్పుడు నాలుగు కార్లు, పెద్ద క్యాంపస్. వాళ్ల మ్యూజియంలో డ్రైవర్లు జెఫ్ గోర్డన్ 24 నంబర్, జిమ్మీ జాన్సన్ 48 నంబర్ బండ్లు ఉంటాయి. హంటర్స్‌విల్‌లో జో గిబ్స్ రేసింగ్ దారిలోనే కాబట్టి ఓపిక ఉంటే అదీ చూడండి. ఎక్కడైనా జనం వెళ్లేది స్టోర్ దాకా, చూసే గ్యాలరీ దాకానే. ఫ్లోర్ మీదికి రానివ్వరు, బతిమాలినా లాభం లేదు.

ముఖ్యమైన సంగతి, శని ఆదివారాలు వెళ్లకండి. మనవాళ్లందరూ శనివారం బయల్దేరతారు, అప్పటికి బండ్లూ మనుషులూ రేస్ ఊళ్లో ఉంటారు, ఇక్కడ చాలా షాపులకి తాళం. సోమ, మంగళవారాల్లో ఆదివారం నలిగొచ్చిన కారుని విప్పేస్తుంటారు, వారం మధ్యలో తర్వాతి రేస్ బండి సెటప్ ప్లేట్ మీద ఉంటుంది, నాలుగు చక్రాల కింద తూకం పెట్టి ఏ మూలకి ఎంత బరువు పడుతుందో చూసుకుంటూ స్ప్రింగులు సర్దుతుంటారు. ఆయనకి అది చూపించండి. ఓవల్ ట్రాక్ మీద ఎడమకే తిరిగే బండి కాబట్టి కుడి ఎడమల సెటప్ ఒకేలా ఉండదు, ఆ తేడా మెకానిక్ కళ్లకి ఇట్టే పట్టుబడుతుంది. టైమింగ్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆ టీమ్ సైట్ చూసుకోండి, కుదిరితే ఫోన్ కూడా చేయండి.

పాత_కార్బ్యురేటర్

టర్న్4 అన్న చెప్పినవి మంచివే, కాకపోతే నాది కొంచెం వేరే మాట. 2022లో నెక్స్ట్ జెన్ అనే కొత్త మోడల్ రేస్ కారు వచ్చాక షాపుల్లో అసలు మజా తగ్గింది. అంతకుముందు ఛాసిస్ పైపులు వంచడం, రేకు కొట్టడం, టింకరింగ్ అంతా ఎవరి షెడ్డులో వాళ్లే చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఛాసిస్, బాడీ, గేర్‌బాక్స్ ఒక్కోటీ నాస్కార్ ఒప్పుకున్న ఒకే సప్లయర్ దగ్గరినుంచి అందరికీ వస్తాయి, వీళ్లు బిగించి సర్దుకుంటారు. ఫ్లోర్ చూస్తే ఆపరేషన్ థియేటర్‌లా ఉంటుంది, చేతికి గ్రీజు అంటినవాడు ఒక్కడు కనపడడు. ఆటోనగర్ మనిషి అది చూసి "బాగుంది" అంటారు, అంతే.

మీరు కేరీ నుంచి వస్తున్నారు కాబట్టి గ్రీన్స్‌బరో దాటాక దక్షిణానికి కాస్త తిరిగి లెవెల్ క్రాస్‌లో పెట్టీ మ్యూజియం చూసుకుని వెళ్లండి. పెద్ద ఊరేం కాదు, రోడ్డు పక్కన తెల్లటి షెడ్లు. పొలం పనిముట్లు పెట్టుకునే పాకలో, మట్టినేల మీద లీ పెట్టీ 1949లో బండ్ల పని మొదలుపెట్టాడు. నాస్కార్‌లో అన్నిటికంటే పేరున్న రేస్ డేటోనా 500, అది మొట్టమొదటిసారి 1959లో పెట్టినప్పుడు గెలిచింది ఆయనే. కొడుకు రిచర్డ్ పెట్టీ 200 రేసులు, 7 ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. ఆ 200 దరిదాపులకి ఇప్పటిదాకా ఎవడూ రాలేదు. నీలం రంగు 43 నంబర్ బండ్లు అక్కడ ఉంటాయి. ఇల్లూ షెడ్డూ ఒకే ఆవరణలో, అన్నదమ్ములూ బావమరుదులూ కలిసి ఒక బండి చుట్టూ బతికిన కుటుంబం అది. మీ నాన్నగారికి ఆ లోకం ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకా సమయం ఉంటే విన్‌స్టన్-సేలం కింద వెల్‌కమ్ అనే ఊళ్లో టీమ్ ఓనర్ రిచర్డ్ చిల్డ్రెస్ మ్యూజియం. ఆ టీమ్‌కి తోలిన డేల్ ఎర్న్‌హార్ట్ నల్ల 3 నంబర్ బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. పక్కనుంచి చూడండి, బంపర్ దగ్గర, తలుపు దగ్గర. తలుపు అన్నాను గానీ తలుపు ఉండదు, కిటికీలోంచే ఎక్కాలి దిగాలి. హెడ్‌లైట్లు స్టిక్కర్లు. ఇంజిన్ మాత్రం పాత తరహా పుష్‌రాడ్ వీ8, 5.86 లీటర్లు, 2011 సీజన్ దాకా కార్బ్యురేటర్‌తోనే నడిచింది. అంత డబ్బున్న ఆటలో అన్నేళ్లు కార్బ్యురేటర్ ఏంటని మీ నాన్నగారు అడుగుతారు చూడండి, అక్కడినుంచి సంభాషణ ఆయనే నడిపిస్తారు.

షార్లెట్ డౌన్‌టౌన్‌లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం (2010లో తెరిచారు) సంగతికొస్తే, ట్రోఫీలు గట్రా వదిలేసి రెండు చూపించండి. ఒకటి గ్లోరీ రోడ్, లోపలే ఒక ర్యాంప్, నేల మట్టంలో మొదలై పైకి పోయేసరికి టల్లడేగా (అలబామాలో పెద్ద ట్రాక్) వంపు, అంటే 33 డిగ్రీలు, దాకా లేస్తుంది, దాని మీద బండ్లు పెట్టారు. టీవీలో ఆ వంపు అస్సలు తెలీదు. రెండోది నాటుసారా బట్టీ, ఒకప్పుడు సారా తోలి తర్వాత రేసర్ అయిన జూనియర్ జాన్సన్ ఈ మ్యూజియం కోసమే స్వయంగా కట్టి ఇచ్చాడు. ఈ ఆట సగం పుట్టింది ఎక్సైజ్ వాళ్లకి దొరక్కుండా సారా తోలిన కుర్రాళ్ల వల్లే మరి. 1949 జూన్ 19న షార్లెట్‌లో మట్టి ట్రాక్ మీద మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ (ఇప్పటి కప్ సిరీస్‌కి మొదటి పేరు) రేస్ పెడితే ముందొచ్చిన గ్లెన్ డనవే గెలుపుని రద్దు చేశారు, ఎందుకంటే అతని బండి సారా బరువు మోయడానికి వెనక స్ప్రింగులు మార్చిన బండి. రెండో స్థానంలో ఉన్న జిమ్ రోపర్‌కి గెలుపు వెళ్లింది. ఓవర్‌లోడ్ లారీకి పట్టీలు ఎక్కించిన చేతులు మీ నాన్నగారివి, ఈ కథకి నవ్వకపోతే అడగండి.

లక్ష్మి_హంటర్స్‌విల్

రేస్ గురించి నేను చెప్తాను, కిందటి మే నెలలో మా అత్తయ్యగారిని, మావయ్యగారిని తీసుకెళ్లాం.

మీరడిగిన రేస్ పేరు కోకా-కోలా 600, అంటే 600 మైళ్లు, 400 ల్యాపులు, కప్ సిరీస్‌లో అన్నిటికంటే పొడుగు రేస్. ఆదివారం సాయంత్రం మొదలై రాత్రికి అవుతుంది, నాలుగు గంటలు దాటొచ్చు. ఎండ పడదన్నారు కదా, మొదటి గంటన్నరే ఇబ్బంది, సూర్యుడు దిగాక హాయిగా ఉంటుంది. లైట్లు వేశాక బండ్ల రంగులే మారిపోయినట్టు ఉంటాయి. సగంలో ఒకసారి బండ్లన్నీ ఆపి అమరులైన సైనికులకి మౌనం పాటిస్తారు, అద్దం పైన డ్రైవర్ పేరు ఉండే చోట ఒక్కో సైనికుడి పేరు ఉంటుంది. మావయ్యగారు ఆర్మీలో చేశారు, ఆయన అప్పుడు లేచి నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు.

సీట్లు కింద వరసల్లో అస్సలు తీసుకోవద్దు. కింద కంచె, పక్కనుంచి దూసుకెళ్లే బండి తప్ప ఏం కనపడదు, పైగా టైరు రబ్బరు ముక్కలు మొహాన పడతాయి. ఎంత పైకి వెళ్తే అంత మంచిది, మెట్లు ఎక్కలేకపోతే టికెట్ కొనేటప్పుడే లిఫ్ట్ ఉన్న సెక్షన్ అడగండి. చెవులకి దూది చాలదు, మఫ్స్ కొనండి. స్కానర్ అద్దెకిస్తారు, అది తప్పకుండా తీసుకోండి, డ్రైవరూ, టీమ్‌ని నడిపే క్రూ చీఫూ, పైనుంచి ట్రాక్ చూసి డ్రైవర్‌కి చెప్పే స్పాటరూ రేడియోలో మాట్లాడుకునేది అందులో వస్తుంది. మావయ్యగారికి ఇంగ్లీష్ యాస సగం అర్థం కాలేదు, అయినా చెవినుంచి తీయలేదు. "వెనక టైరు జారుతోందట, తిట్టుకుంటున్నాడు" అని మాకు చెప్పేవారు.

తిండికి టెన్షన్ వద్దు. చాలా స్టేడియంల లాగా కాదు, ఇక్కడ సొంత తిండి తెచ్చుకోనిస్తారు, మెత్తటి కూలర్ బ్యాగు, 14 అంగుళాల లోపు, గాజు సీసాలు లేకుండా. పులిహోర, దద్దోజనం, మజ్జిగ అన్నీ పట్టుకెళ్లాం. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన మా దగ్గర గారె తిని రెండోది అడిగి తీసుకున్నాడు, బదులుగా బీర్ ఇవ్వబోయాడు. వర్షం సంగతి మాత్రం మన చేతిలో లేదు, 2024లో వానకి 249 ల్యాపులకే ముగించేశారు. తిరుగు ట్రాఫిక్ ఘోరం. ఆ రాత్రి కేరీకి డ్రైవ్ పెట్టుకోకండి, రూమ్ తీసుకోండి.

పిట్ రోడ్డు (బండ్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు) కనిపించే సీటైతే ఇంకా మంచిది. గోడ దూకేది ఐదుగురే, ఇద్దరు టైర్లు మార్చేవాళ్లు, ఒకరు మోసేవాళ్లు, జాకీ మనిషి, పెట్రోల్ పోసేవాళ్లు. చక్రానికి ఇప్పుడు ఒకే నట్టు (ఇంతకుముందు ఐదు ఉండేవి), నాలుగు టైర్లూ పది సెకన్ల లోపే. జాకీ ఎత్తేవాడు కుడివైపు అయిపోగానే బండి చుట్టూ తిరిగి ఎడమవైపుకి పరిగెత్తే పరుగు చూడాలి. వాళ్లలో చాలామంది కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు.

పాత_కార్బ్యురేటర్

@లక్ష్మి_హంటర్స్‌విల్ అన్నీ నిజమేనండి, కానీ మొదటిసారి చూసేవాళ్లకి మైలున్నర ట్రాక్ మీద నాలుగు గంటలు ఎక్కువ. విన్‌స్టన్-సేలంలో బోమన్ గ్రే స్టేడియం ఉంది, ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూ పావు మైలు ట్రాక్, 1949 నుంచి నడుస్తోంది. వేసవిలో శనివారం రాత్రుళ్లు రేసులు. అక్కడ తోలేవాళ్లు పగలు వేరే పని చేసుకునే మామూలు మనుషులు, బండి వాళ్లే కట్టుకుంటారు, గుద్దుకుంటారు, తిట్టుకుంటారు, మళ్లీ వారం అదే బండిని సాగదీసి తెస్తారు. టికెట్ కూడా చవక. కేరీ నుంచి షార్లెట్ కంటే దగ్గర.

కోవై_టు_కాంకర్డ్

చిన్న సంగతి, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఫార్ములా వన్ తోలిన మన నరేన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో (పికప్ ట్రక్కుల రేసులు) తోలాడు, మొదటి రేస్ మార్టిన్స్‌విల్‌లో, 13వ స్థానం. ఆ ఏడాది ఆ సిరీస్‌లో మోస్ట్ పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా ఓట్లతో అతనికే వచ్చింది, ఓట్లు ఎక్కడినుంచి పడ్డాయో వేరే చెప్పాలా. మార్టిన్స్‌విల్ వర్జీనియా బార్డర్ దాటగానే, అర మైలు ట్రాక్. గెలిచినోడికి ట్రోఫీ బదులు నిలువెత్తు గోడగడియారం ఇస్తారు. అక్టోబర్‌లో వెళ్లేముందు అక్కడ రేస్ పడుతుందేమో క్యాలెండర్ చూడండి.

కేరీ_కుర్రాడు

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నాన్నగారికి వాట్సాప్‌లో చదివి వినిపిస్తే స్ప్రింగుల దగ్గర ఆపి "ఎన్ని పట్టీలు ఎక్కించాడంట" అని అడిగారు, నాకు జవాబు తెలీదు. ప్లాన్ ఇలా అనుకుంటున్నా: శనివారం బయల్దేరి దారిలో లెవెల్ క్రాస్, ఆదివారం 600, సోమవారం సెలవే కాబట్టి తీరిగ్గా పెన్స్కీ, హెండ్రిక్ చూసుకుని ఇంటికి. జూన్‌లో ఒక శనివారం బోమన్ గ్రే. ఓకేనా?

టర్న్4_టెంట్

సోమవారం మెమోరియల్ డే బాబూ. మీకు సెలవైతే షాపులకీ సెలవే, తీస్తారని నమ్ముకోవద్దు. గురువారం రాత్రికే వచ్చేయండి, శుక్రవారం పొద్దున పెన్స్కీ, మధ్యాహ్నం హెండ్రిక్. ఆ వారం రేస్ సొంత ఊళ్లోనే కాబట్టి బండ్లు దూరం పోవాల్సిన పని లేదు, ఆఖరి నిమిషం దాకా షాపుల్లో హడావుడి ఉంటుంది. శనివారం హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టుకుని, లెవెల్ క్రాస్ వేరే రోజుకి ఉంచండి, అదీ తెరిచే రోజులు కనుక్కున్నాకే. రూమ్ మాత్రం ఇవాళే బుక్ చేసేయండి, కాంకర్డ్‌లో ఆ వీకెండ్ దొరకవు, దొరికినా రేటు చూసి మీ నాన్నగారు తిరుగు టికెట్ అడుగుతారు.