చర్చ: ఆట మానేసి పదేళ్లు దాటినా కిమ్ యునా ఇంకా డియోర్ ప్రకటనల్లో ఎందుకు?

వాల్తేరు వెన్నెల:
అందరికీ నమస్కారం. నిన్న మా చెల్లెలు ఫోనులో ఒక ఫోటో చూపించి, "ఈ కొరియా నటి ఎవరక్కా, నగలు భలే నప్పాయి" అంది. ఆమె దుస్తులు, నగలు అమ్మే ఫ్రాన్స్ సంస్థ డియోర్‌కు ప్రచారం చేస్తున్న కిమ్ యునా. నటి కాదే, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ (మంచు మీద నాట్యంలా సాగే ఆట) స్వర్ణం గెలిచిన అమ్మాయి అని చెబితే మా చెల్లెలు నమ్మలేదు. పాత వీడియో తీసి చూపించాల్సి వచ్చింది. నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. 2014లో ఆట మానేసిన మనిషిని ఆట తెలియనివారు కూడా గుర్తుపడుతున్నారు, కానీ వేరే మనిషిగా. ఇది ఆమె ఆటకు దక్కిన గౌరవమా, లేక ఆటను కప్పేస్తున్న తెరా? మీరందరూ ఏమంటారు?

హాన్ నది ఒడ్డున:
తొమ్మిదేళ్లుగా సియోల్‌లో ఉంటున్నాను కాబట్టి చెప్పే హక్కు కొంత ఉందనుకుంటున్నాను. ఇక్కడ ఆమెను ఎవరూ నటి అనుకోరు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించింది ఆమే. ఆ ఒలింపిక్స్ కొరియాకు రావాలని 2011లో డర్బన్‌కు వెళ్లి ఒలింపిక్ కమిటీ ఓటర్ల ముందు మాట్లాడినవారిలోనూ ఆమె ఉంది.

ఈ ప్రకటనల డబ్బు ఊరికే రాలేదు. ఆమె పెరిగిన రోజుల్లో ఆ దేశంలో ఫిగర్ స్కేటింగ్ కోసమే కట్టిన రింకు (మంచు మైదానం) లేదు. మామూలు జనం సరదాగా తిరిగే రింకుల్లో, వారు వెళ్లిపోయాక, రాత్రిపూట సాధన చేసింది. పదహారు, పదిహేడేళ్లకే నడుము నొప్పి, తుంటి నొప్పి. ఆ నొప్పులతోనే ప్రపంచ పోటీలకు వెళ్లింది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో 207.71 పాయింట్లు తెచ్చుకుంది. ఆడవారిలో రెండు వందలు దాటడం అదే మొదటిసారి. వాంకూవర్‌లో 228.56. రెండో స్థానంలో ఉన్న జపాన్ అమ్మాయి మావో అసాదాకూ ఆమెకూ తేడా 23.06 పాయింట్లు. చిన్ననాటి నుంచి ఆట మానేసే వరకు ఆడిన ప్రతి పోటీలోనూ మొదటి మూడు స్థానాల్లోనే నిలిచింది. ఒక్కసారి కూడా అంతకన్నా కిందికి జారలేదు. ఇంత చేసిన మనిషికి నగల సంస్థ డబ్బిస్తే దాన్ని ఆలస్యంగా అందిన కూలి అనుకోవాలి. ఆటను కప్పేసే తెర అనడం నాకు నచ్చలేదు.

పెద్దవాగు:
డబ్బు సంపాదించుకోనివ్వండి. మనకేం నష్టం?

లెక్కల మాస్టారు:
వాంకూవర్ లెక్కలు రాశారు, సంతోషం. యునాకు రజతం వచ్చిన సోచి ఒలింపిక్స్ లెక్కలు కూడా రాయాలి. 2014లో తొలి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో యునా 74.92, స్వర్ణం గెలిచిన రష్యా అమ్మాయి సొత్నికోవా 74.64. రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో యునా 144.19, సొత్నికోవా 149.95. మొత్తం 219.11కి 224.59. సొత్నికోవా ఒక కాంబినేషన్ (వరస జంప్‌లు) చివర తడబడింది, యునా తడబడలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు రష్యా సమాఖ్య పెద్దకు భార్య, మరొకరు 1998 వ్యవహారంలో ఏడాది పాటు నిషేధానికి గురైనవారు. ముందు దీనికి సమాధానం రావాలి.

చక్రాల బూట్లు:
ఒడ్డున గారూ, మీరు రాసిన ప్రతి అంకె నిజమే. కానీ నగల సంస్థ ఆ అంకెలకు డబ్బివ్వడం లేదు. ట్రిపుల్ లట్జ్ అనే మూడు చుట్ల జంప్‌ను బూటు కింది బ్లేడు ఏ అంచు మీద నుంచి ఎగరాలో ఆ సంస్థలో ఎంతమందికి తెలుసు? వారు కొంటున్నది మెడను, భుజాలను, రంగును, ముఖాన్ని. పతకం ఆ ముఖానికి పెట్టిన బొట్టు, అంతే.

ఈ ఆట చరిత్ర అంతా ఇదే. నార్వే స్కేటర్ సోనియా హీనీ 1928, 1932, 1936లో మూడు స్వర్ణాలు గెలిచి నేరుగా హాలీవుడ్‌కు వెళ్లింది. అమెరికా స్కేటర్ నాన్సీ కెర్రిగన్‌కు పేరున్న డిజైనర్ వెరా వాంగ్ దుస్తులు కుట్టింది. అదే జట్టులో ఉన్న టోన్యా హార్డింగ్ 1991లో పోటీలో ట్రిపుల్ యాక్సెల్ (గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంప్) వేసింది. అంతకు ముందు ప్రపంచంలో మరొక్క ఆడపిల్లే వేసిన జంప్ అది. హార్డింగ్ ఇంట్లో కుట్టిన దుస్తులతో రింకు మీదకు వచ్చేది. ఆ తర్వాత కెర్రిగన్ మీద జరిగిన దాడి వ్యవహారంలో ఆమె చేసినదాన్ని నేను వెనకేసుకురావడం లేదు. దానికి ముందే ఎవరికి ప్రకటనలు వచ్చాయో చూడమంటున్నాను.

హాన్ నది ఒడ్డున:
హార్డింగ్‌ను తెచ్చి యునా పక్కన నిలబెట్టడం అన్యాయం. యునాకు కూడా మొదట్లో ఎవరూ డబ్బివ్వలేదు. ఆమె తల్లి ఇంటిని, తన బతుకును పక్కన పెట్టి కూతురి వెంట రింకుల చుట్టూ తిరిగింది. బూట్లు సరిపోక ఆట మానేయాలనుకున్న రోజులున్నాయి. గెలిచాకే అన్నీ వచ్చాయి. 2009లో ఇక్కడ ఆమె పేరుతో ఒక ఫోను కూడా అమ్మారు. 2014లో ఫోర్బ్స్ లెక్క ప్రకారం 1 కోటీ 63 లక్షల డాలర్లతో ప్రపంచంలో ఎక్కువ సంపాదించిన క్రీడాకారిణుల్లో నాలుగో స్థానం. మొదటి ముగ్గురూ టెన్నిస్ వారే. ఏడాది పొడవునా లక్షల డాలర్ల బహుమతులు ఇచ్చే ఆట టెన్నిస్. ఫిగర్ స్కేటింగ్‌లో అలాంటి డబ్బు లేదు. 2011 మాస్కో ప్రపంచ పోటీలో ఆమెకు వచ్చిన బహుమతి 27 వేల డాలర్లు. దాన్ని కూడా జపాన్ భూకంపంలో నష్టపోయిన పిల్లల కోసం యునిసెఫ్‌కు ఇచ్చేసింది. ఆ పోటీ బహుమతులతోనే బతకమంటారా?

చక్రాల బూట్లు:
బతకవద్దని నేను ఎక్కడ అన్నాను? ఎందుకు వచ్చిందో చెప్పాను.

లెక్కల మాస్టారు:
సోచి న్యాయనిర్ణేతల మీద కొరియా ఒలింపిక్ కమిటీ ఫిర్యాదు చేసింది. 2014 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కొట్టేసింది. దీని గురించి ఎవరూ మాట్లాడరేమిటి?

వాల్తేరు వెన్నెల:
మాస్టారూ, సొత్నికోవా ఏడు ట్రిపుల్ జంప్‌లు వేసిందని, యునా ఆరే వేసిందని చదివాను. అది కూడా లెక్కలో ఉండాలి కదా? అయినా నా ప్రశ్న అది కాదండి.

లెక్కల మాస్టారు:
జంప్‌ల సంఖ్య వేరు, నాణ్యతకు ఇచ్చే మార్కులు వేరు. ఆరా, ఏడా అన్నది కాదు సమస్య. ఆ మార్కులు ఎవరు వేశారో చూడాలి.

హాన్ నది ఒడ్డున:
బూట్లు గారూ, మీ వాదన మొత్తం చూస్తుంటే నాకు ఒకటే అర్థమవుతోంది. ఒక ఆడపిల్ల తన పేరుతో కోట్లు సంపాదిస్తే మన మగవారికి కంటగింపు. అదే జపాన్ స్కేటర్ యుజురు హాన్యూ గూచీ దుస్తుల్లో కనిపిస్తే మీరు ఈ మాట అనేవారు కారు. 2014లోనూ 2018లోనూ స్వర్ణాలు గెలిచాడు, అభిమానులు రింకు నిండా బొమ్మ ఎలుగుబంట్లు విసిరేవారు, 2023లో టోక్యో డోమ్‌లో ఒక్కడే ప్రదర్శన ఇస్తే 35 వేల మంది వచ్చారు. అతని ముఖం గురించి ఎవరూ ఇంత వాదించరు. ఆడదానికి మాత్రం "ముఖం చూసి ఇచ్చారు" అనే మాట సిద్ధంగా ఉంటుంది. దయచేసి మీ ఇంట్లో ఆడవారిని ఒకసారి అడిగి రాయండి, సార్.

చక్రాల బూట్లు:
నేను మగవాడినని మీకు ఎవరు చెప్పారు? ఇద్దరు ఆడపిల్లల తల్లిని. మా ఇంట్లో ఆడవారిని అడగాలంటే నన్ను నేనే అడుక్కోవాలి.

చెప్పకూడదనుకున్నాను, చెప్పించారు. మా పెద్దమ్మాయి రోలర్ స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ విభాగం ఆడుతుంది. ఏడో ఏట మొదలుపెట్టింది. హైదరాబాదులో ఆ ఆట నేర్చుకునే పిల్లలందరికీ అనూప్ కుమార్ యామా పేరు తెలుసు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. మా అమ్మాయి బీరువా తలుపుకు అతని ఫోటో అంటించి ఉంటుంది. తెల్లవారకుండా నాలుగున్నరకు లేచి సిమెంటు గచ్చు మీద సాధన. మోకాళ్ల మీద మచ్చలు ఇప్పటికీ పోలేదు. పోటీ దుస్తులు నేనే కుడతాను. పూసలు కూడా నేనే.

మూడేళ్ల క్రితం, పదకొండో ఏట, తన వయసు విభాగంలో మొదటి స్థానం వచ్చింది. ఊళ్లో పిల్లల బట్టల దుకాణం వారు ఆ పోటీకి బహుమతులు ఇచ్చారు. గెలిచిన పాప బొమ్మ దసరాకు తమ బోర్డు మీద వేస్తామన్నారు. పిలిచి ఫోటోలు తీశారు. పండగ ముందు వెళ్లి చూస్తే బోర్డు మీద ఉన్నది మూడో స్థానం వచ్చిన పాప. లోపలికి వెళ్లి అడిగాను. "ఏమీ అనుకోకండమ్మా, మీ పాప రంగు మీద బట్టలు తేలడం లేదు" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఇంటికి వస్తుంటే బండి వెనక నుంచి నా కూతురు అడిగింది: "అమ్మా, నాకు మూడో స్థానం వచ్చి ఉంటే బాగుండేదా?"

ఇప్పుడు చెప్పండి. కూలి అంటున్నారు. కూలి అయితే పని చేసినవారికి రావాలి కదా!

పెద్దవాగు:
అమ్మా, మనసు చెదిరిపోయింది చదివితే.

వాల్తేరు వెన్నెల:
నేను వేయాల్సిన ప్రశ్న ఇదేనేమో. వేయడం రాలేదు.

లెక్కల మాస్టారు:
అమ్మా, నేను ఇంతసేపు సోచి సోచి అంటున్నది కూడా ఇందుకే. ఇరవై రెండేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఒక జిల్లా పోటీలో నేను వేసిన మార్కులు సాయంత్రానికి మారిపోయాయి. సంతకం మాత్రం నాదే ఉంది. ఓడిన పిల్ల నా దగ్గరకు వచ్చి "నేనెక్కడ తప్పు చేశాను సార్" అని అడిగింది. ఆ రోజు నోరు విప్పలేదు. ఇప్పటికీ నిద్రలో ఆ పిల్ల గుర్తుకొస్తుంది.

హాన్ నది ఒడ్డున:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ముందు క్షమించండి అక్కా. మగవారని నేనే అనేసుకున్నాను.

మీ పాపకు జరిగింది అన్యాయం. కానీ ఆ దుకాణదారుడి తప్పును యునా మీద వేస్తున్నారనే నాకు ఇంకా అనిపిస్తోంది. ఎందుకింత పట్టుదల అంటే, నేనూ ఒకటి చెప్పాలి. 2010 ఫిబ్రవరిలో నేను ఇంజనీరింగు రెండో ఏడాది, నాలుగు సబ్జెక్టులు తప్పి, ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లక హాస్టల్‌లో ఉండిపోయాను. ఎవరిదో కంప్యూటర్‌లో ఆ నాలుగు నిమిషాల ఆట చూశాను. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, దేశం మొత్తం తన మీద కూర్చుని ఉంటే, మొదటి జంప్ దిగి చిన్నగా ఊపిరి వదిలింది. ఆట ముగిశాక ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు ఆమె ముఖం ఎలా ఉందో కూడా పట్టలేదు. దేశం కాని దేశంలో నేను ఉద్యోగం చేస్తున్నానంటే ఆ రోజు నుంచి మొదలైంది. రంగు సంగతి నాకు తెలియదనుకోకండి. ఇక్కడ మెట్రోలో నా పక్క సీటు ఖాళీగా ఉండి, జనం నిలబడిన రోజులు ఎన్నో ఉన్నాయి. అందుకే "ముఖం" అని మీరు రాస్తే, నన్ను నిలబెట్టినది ఉత్త బొమ్మ అన్నట్టు వినిపించింది.

చక్రాల బూట్లు:
ఉత్త బొమ్మ అని నేను అనలేదమ్మా, ఎప్పటికీ అనను. ఆమె కష్టం నాకు మీకంటే ఎక్కువ తెలుసు, ఆ కష్టం మా ఇంట్లో రోజూ కనిపిస్తుంది కాబట్టి. అంతే కష్టం ఇంకో ముఖం పడితే అది అక్కడి వరకు చేరదు అంటున్నాను. ఫ్రాన్స్ స్కేటర్ సూర్యా బోనాలీని చూడండి. నల్లజాతి అమ్మాయి, ఐరోపా విజేతగా ఐదుసార్లు, ప్రపంచ పోటీల్లో మూడేళ్లు వరసగా రజతం. 1994 ప్రపంచ పోటీలో న్యాయనిర్ణేతలు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలిన తీర్పులో స్వర్ణం పోతే మెడలో వేసిన పతకాన్ని తీసేసింది. బలం ఉంది కానీ లావణ్యం లేదని ఆమెను ఏళ్ల తరబడి అన్నారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో గాలిలో వెనక్కి పల్టీ కొట్టి ఒంటి కాలి మీద దిగింది. నిషేధం ఉందని తెలిసే చేసింది. అదే పల్టీని 2024లో అనుమతించారు. ఆడవారు పాంటుతో పోటీ పడటానికే 2004 దాకా ఆగాల్సి వచ్చిన ఆట ఇది. ఎవరు అందంగా ఉన్నారో నిర్ణయించడం దుకాణంలో మొదలుకాలేదు, మంచు మీదే మొదలైంది.

మన సంగతే చూడండి. 2000 సిడ్నీలో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. నగల దుకాణం బోర్డు మీద ఆమె బొమ్మ నేను ఎక్కడా చూడలేదు.

హాన్ నది ఒడ్డున:
సింధు ఉంది కదా అక్కా. 2018లో 85 లక్షల డాలర్లతో అదే ఫోర్బ్స్ జాబితాలో ఏడో స్థానం. గెలిస్తే మన దగ్గరా ఇస్తున్నారు.

చక్రాల బూట్లు:
ఇస్తున్నారు, సంతోషం. ఆ పిల్ల చెమటకు అది తక్కువే. పద్దెనిమిదేళ్లు పట్టింది మన దగ్గర మల్లీశ్వరి నుంచి అక్కడికి రావడానికి. నా కూతురికి ఇప్పుడు పద్నాలుగు.

హాన్ నది ఒడ్డున:
బోనాలీ విషయంలో మీతో వాదించలేను. ఒకటి మాత్రం అడుగుతాను. యునా ఆ డబ్బు వద్దని ఉంటే బోనాలీకి వచ్చేదా?

చక్రాల బూట్లు:
రాదు. వద్దనమని నేను చెప్పను. తీసుకోనివ్వండి. "కష్టపడితే నీకూ వస్తుంది" అని ఆ ఫోటో చూపించి నా కూతురికి ఎవరూ చెప్పవద్దు. నాకు ఉన్న బాధంతా అంతే. అది మీరు ఒప్పుకోరని తెలుసు.

హాన్ నది ఒడ్డున:
ఒప్పుకోను అక్కా. నాకు ఆ మాటే పనికొచ్చింది.

వాల్తేరు వెన్నెల:
పాప ఇంకా ఆడుతోందా అండి?

చక్రాల బూట్లు:
ఆడుతోంది. జనవరిలో పోటీ ఉంది. ఈ చర్చ నా భుజం మీద నుంచి చదివి, వాంకూవర్ వీడియో పెట్టించుకుంది. గెర్ష్విన్ సంగీతం మీద ఆడిన ఆ ఆటను వరసగా ఆరుసార్లు చూసింది. జంప్‌లు కాదు, రెండు జంప్‌ల మధ్య చేతులు ఎక్కడ ఉంచుతోందో కాగితం మీద రాసుకుంది. ఇప్పుడు అలాంటి నీలం దుస్తులే కావాలట. ఒడ్డున గారూ, మెడ వెనక ముడి ఎలా వేశారో, పూసలు ఎటు వాలుగా కుట్టారో వీడియోలో తెలియడం లేదు. వెనక నుంచి దగ్గరగా తీసిన ఫోటో మీ దగ్గర ఉంటే పంపగలరా? బట్ట ఈ వారమే కొనాలి.