ఓపెన్‌ఎంఆర్‌ఎస్ రెస్ట్ సర్వీసులతో పాత రికార్డులు ఎక్కించడం: 400 ఎర్రర్, 50 దగ్గర ఆగిపోయే లిస్టు

ప్రశ్న
అందరికీ నమస్కారం. ఒక చిన్న క్లినిక్ కోసం ఓపెన్‌ఎంఆర్‌ఎస్ (పేషెంట్ల రికార్డులు దాచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) పెట్టాం. పేషెంట్ల వివరాలన్నీ ఇంకా ఎక్సెల్ షీట్లలోనే ఉన్నాయి. పైథాన్ స్క్రిప్ట్ రాసి, రెస్ట్ వెబ్ సర్వీసుల (వేరే ప్రోగ్రాములు వెబ్ ద్వారా సర్వర్‌తో మాట్లాడే దారి) ద్వారా ఎక్కిద్దామని మొదలుపెడితే మూడు చోట్ల ఆగిపోయింది.

కొత్త పేషెంట్‌ను పంపితే 400 ఎర్రర్ (పంపింది సరిగ్గా లేదని సర్వర్ జవాబు) వస్తోంది, ఐడెంటిఫయర్ (పేషెంట్ నంబరు) చెల్లదంటోంది. షీట్‌లో ఉన్న నంబరే ఇస్తున్నాను. ఎన్‌కౌంటర్లలో (పేషెంట్‌ను చూసిన ఒక్కో సందర్భం రికార్డు) పాతవి ఎక్కుతున్నాయి, ఈ రోజువి మాత్రం కొన్ని వెనక్కి వస్తున్నాయి. ఇక ఒక పేషెంట్ బరువు రీడింగులన్నీ తెచ్చి గ్రాఫ్ గీద్దామంటే 50 దగ్గరే ఆగిపోతోంది. డేటాబేస్‌లో అంతకంటే చాలా ఉన్నాయి.

ఈ గొడవంతా ఎందుకు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నేరుగా ఇన్సర్ట్ చేసెయ్యమని ఒకరు, ఎఫ్‌హెచ్‌ఐఆర్‌కు (వైద్య సాఫ్ట్‌వేర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) మారిపొమ్మని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు
నేరుగా ఇన్సర్ట్ మాత్రం వద్దండీ. ఒక్క పేషెంట్ అంటే పర్సన్, పర్సన్ నేమ్, పేషెంట్, పేషెంట్ ఐడెంటిఫయర్ అని కనీసం నాలుగు టేబుళ్లు. ఎన్‌కౌంటర్, అబ్జర్వేషన్ (బరువు లాంటి ఒక్కో రీడింగు) కలిస్తే ఇంకా పెరుగుతాయి. పైగా మిమ్మల్ని ఇప్పుడు విసిగిస్తున్న తనిఖీలు ఉండేది జావా కోడ్‌లో. మైఎస్‌క్యూఎల్‌కు వాటి సంగతి తెలియదు. చెత్త డేటా కూడా నిశ్శబ్దంగా లోపలికి పోయి, డాక్టరు స్క్రీన్ మీద తేలుతుంది.

ఐడెంటిఫయర్ సంగతి. మీరు షీట్‌లోని నంబరును ఓపెన్‌ఎంఆర్‌ఎస్ ఐడీ అనే రకం కింద పంపుతున్నట్టున్నారు. ఆ రకానికి సాధారణంగా లూన్ మాడ్ 30 అనే చెక్ డిజిట్ పద్ధతి పెట్టి ఉంటుంది. చివరి అక్షరం మిగతా అక్షరాలను బట్టి లెక్క కట్టి వచ్చేది. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పినా దొరికిపోవాలని ఆ ఏర్పాటు. అందులో వాడే 30 గుర్తుల్లో బీ, ఐ, ఓ, క్యూ, ఎస్, జెడ్ ఉండవు. చేతిరాతలో అవి 8, 1, 0, 5, 2 లాగా కనిపిస్తాయి కాబట్టి ముందే తీసేశారు. మీ పాత నంబర్లు ఈ లెక్కలో నెగ్గడం అదృష్టం మీద ఆధారపడ్డ విషయం.

కాబట్టి ఒక్కో పేషెంట్‌కు రెండు ఐడెంటిఫయర్లు పంపండి. మొదటిది ఐడీజెన్ మాడ్యూల్ (నంబర్లు తయారుచేసే భాగం) దగ్గర తెచ్చుకోండి. దానికీ రెస్ట్ అడ్రసు ఉంది, ఐడెంటిఫయర్ సోర్స్ యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు కోడ్) ఇచ్చి పోస్ట్ చేస్తే కొత్త నంబరు ఇస్తుంది. దానికి ప్రిఫర్డ్ విలువ ట్రూ పెట్టండి. షీట్‌లోని నంబరును చెక్ డిజిట్ లేని వేరే రకం కింద రెండోదిగా ఇవ్వండి. పాత కార్డు పట్టుకొని వచ్చినవాళ్లను ఆ నంబరుతోనే వెతకొచ్చు.

స్క్రిప్ట్ మధ్యలో నెట్ తెగిందనుకోండి, మళ్లీ పోస్ట్ చేసే ముందు ఆ పాత నంబరుతో ఒకసారి సెర్చ్ చేయించండి. మొదటి పోస్ట్ సర్వర్‌కు చేరి, జవాబు మాత్రమే మీకు చేరకపోయి ఉండొచ్చు. కళ్లు మూసుకొని మళ్లీ పంపితే ఒకే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి. వాటిని కలపడం పెద్ద తలనొప్పి.

ఇంకొకరు
ఈ రోజు ఎన్‌కౌంటర్ల గురించి నేను చెప్తాను. టైమ్ జోన్ లేకుండా తేదీ, టైమ్ పంపుతున్నారా? అలా పంపితే సర్వర్ దాన్ని తన టైమ్ జోన్‌లోని సమయంగా తీసుకుంటుంది. క్లౌడ్ సర్వర్ చాలాసార్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ దానికంటే కొన్ని గంటలు ముందుంటే, మీరు ఇప్పుడే రాసిన ఎన్‌కౌంటర్ దానికి రాబోయే సమయంలా కనిపిస్తుంది. ఇంకా జరగని ఎన్‌కౌంటర్‌ను అది ఒప్పుకోదు. పాతవి ఎక్కుతున్నాయంటే అవి సరిగ్గా ఉన్నాయని కాదు, అవీ అన్ని గంటల తేడాతోనే ఉంటాయి, అడిగేవాళ్లు లేరంతే. టైమ్ చివర ప్లస్ లేదా మైనస్ ఆఫ్‌సెట్ (యూటీసీతో మీ సమయానికి ఉన్న తేడా) చేర్చి పంపండి, ఇప్పటికే ఎక్కినవి కూడా సరిచూసుకోండి.

50 సంగతి తేలిక. లిస్టు అడిగితే మామూలుగా 50 ఇస్తుంది, లిమిట్ పారామీటర్‌తో 100 దాకా పెంచుకోవచ్చు. ఈ రెండూ గ్లోబల్ ప్రాపర్టీల్లో ఉండే సెట్టింగులు. అడ్మిన్ మార్చగలరు కానీ పెంచుకుంటూ పోవద్దు, సర్వర్ మూలుగుతుంది. జవాబు చివర లింక్స్ అనే భాగంలో నెక్స్ట్ ఉంటే దాన్ని పట్టుకొని వెళ్లండి, లేనప్పుడు ఆపండి. గ్రాఫ్‌కు కావలసింది తేదీ, విలువ మాత్రమే కదా. కస్టమ్ రిప్రజెంటేషన్‌లో ఆ రెండు ఫీల్డులే అడిగితే జవాబు సైజు బాగా తగ్గుతుంది. ప్రతిదానికీ ఫుల్ అని అడగడం చాలామందికి అలవాటు, స్లోగా ఉందని తిట్టేదీ వాళ్లే.

అడిగినవారు
థాంక్స్ అండీ. ఆఫ్‌సెట్ పెట్టగానే ఎన్‌కౌంటర్లు వెళ్లాయి. ఐడీలు కూడా ఐడీజెన్ నుంచి వస్తున్నాయి. ఇప్పుడు కొన్ని వరుసల్లో ఎత్తు దగ్గర ఎర్రర్ వస్తోంది. ఇంకోటి, ఎఫ్‌హెచ్‌ఐఆర్ గురించి ఎవరూ చెప్పలేదు.

జవాబు
ఎత్తు మీటర్లలో రాసిన వరుసలు అయ్యుంటాయి, చూడండి. ఎత్తు అనే కాన్సెప్ట్ (డిక్షనరీలోని అంశం) సెంటీమీటర్లలో ఉంటుంది, కనిష్ఠ, గరిష్ఠ హద్దులు దాటితే ఒప్పుకోదు. 1.6 అంటే దానికి పురుగంత మనిషి. హద్దులు సడలించకండి, షీట్ సరిచేయండి.

ఎఫ్‌హెచ్‌ఐఆర్ మీద నా అభిప్రాయం: ఈ పనికి అవసరం లేదు. మీ స్క్రిప్టూ మీదే, సర్వరూ మీదే. ఐడెంటిఫయర్ సోర్సులు, ఎన్‌కౌంటర్ రకాలు లాంటి ఓపెన్‌ఎంఆర్‌ఎస్ సొంత విషయాలకు రెస్టే సూటి దారి. రేపు బయటి ల్యాబ్‌కో వేరే ఆసుపత్రికో డేటా ఇవ్వాల్సి వస్తే అప్పుడు ఎఫ్‌హెచ్‌ఐఆర్2 మాడ్యూల్ వాడండి, ఆర్4 వెర్షన్‌లో జవాబిస్తుంది. కానీ ఒక పని ఇప్పుడే చేసుకోండి. సీఐఈఎల్ డిక్షనరీలో (ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో వాడే వైద్య పదాల జాబితా) బరువు నంబరు 5089. ఆ నంబరు బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు. వాళ్లు ఎక్కువగా వెతికేది లోయింక్ (పరీక్షలు, కొలతలకు అంతర్జాతీయ కోడ్‌ల పట్టిక) కోడ్ 29463-7. మీ కాన్సెప్టులకు లోయింక్ మ్యాపింగులు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకపోతే ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో పంపినా అవతలివాళ్లకు అది ఏదో ఒక అంకె మాత్రమే.

ఇంకొకరు
అడగకపోయినా ఒక మాట. స్క్రిప్ట్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టారా? బేసిక్ ఆథెంటికేషన్‌లో పాస్‌వర్డ్ బేస్64లో వెళ్తుంది, అది ఎన్‌క్రిప్షన్ కాదు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా అసలు నడపొద్దు. స్క్రిప్ట్ కోసం వేరే యూజర్‌ను తయారుచేసి కావలసిన ప్రివిలేజ్‌లే ఇవ్వండి. ఏది తక్కువైందో ఎర్రర్ మెసేజ్‌లోనే పేరుతో సహా ఉంటుంది, ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. లాగిన్ అయిందో లేదో సెషన్ అడ్రసులో చూసేటప్పుడు 200 వచ్చిందని వదిలేయకుండా, జవాబులో ఆథెంటికేటెడ్ ట్రూ అని ఉందా చూడండి.

అడిగినవారు
అడ్మినే పెట్టాను, మారుస్తాను. చివరిగా ఒకటి. టెస్టింగ్‌కు ఎక్కించిన పేషెంట్లను డిలీట్ చేశాను, సెర్చ్‌లో కనిపించట్లేదు. కానీ టేబుల్‌లో అలాగే ఉన్నారు!

జవాబు
ఉంటారండీ. డిలీట్ అంటే ఇక్కడ వాయిడ్ (చెల్లదు) అని గుర్తు పెట్టడమే, మెడికల్ రికార్డు మాయమైపోకూడదు కదా. పర్జ్ పారామీటర్‌కు ట్రూ ఇస్తే నిజంగా తీసేస్తుంది. అయితే ఆ పేషెంట్‌కు ఎన్‌కౌంటర్లు, అబ్జర్వేషన్లు ఉంటే ఫారిన్ కీ (టేబుళ్ల మధ్య లింకు) అడ్డుపడొచ్చు, ముందు వాటిని తీయాలి. అంత శ్రమ కంటే టెస్టింగ్‌కు డాకర్‌లో ఇంకో సర్వర్ లేపుకొని, స్క్రిప్ట్ అక్కడ పూర్తిగా నడిచాకే అసలు సర్వర్ వైపు తిప్పండి.